బామ్మర్ది పట్టిన దారం

ఆ ఎండాకాలం మా భోజనాల బల్ల మీద ఒక యుద్ధనౌక ఉండేది. మా మార్కాపురంలో ఎండలు ముదిరాయంటే తాగే నీళ్ళకే ట్యాంకరు కోసం బిందెలు వరసపెడతాం. అలాంటి ఊళ్ళో ఓడను నట్టింట్లో పెట్టుకుని, నేనూ మా ఆవిడ విశాలాక్షీ రెండు నెలలు గోడవారన పీటల మీద కూర్చుని అన్నం తిన్నాం. కొత్త జిల్లాలు వచ్చిన మరుసటి ఏటి సంగతి ఇది. మన ఊరు కూడా జిల్లా అవుతుందని కొందరు, కాదని కొందరు బజారులో గొంతులు చించుకుంటుంటే, నేను మాత్రం ఓడ అంచుకు కమ్మీలు అంటిస్తూ కూర్చున్నాను.

ఓడ నాది కాదు. విశాలాక్షికి ఒక్కగానొక్క తమ్ముడు లక్ష్మీనరసయ్యది. మా వ్యాపారపు ఇళ్ళలో మగపిల్లవాడు పదో తరగతి తప్పితే దుకాణంలో కూర్చుంటాడు, పాసైనా దుకాణంలోనే కూర్చుంటాడు. వీడు మాత్రం ఇంటర్ కాగానే ఎవరికీ చెప్పకుండా పరీక్ష రాసి నేవీలో చేరిపోయాడు. పదిహేనేళ్ళు చేశాడు, అందులో తొమ్మిదేళ్ళు ఒకే ఓడ మీద. ఓడలో వాడి పని తిండి సరుకుల స్టోరు చూసుకోవడం. తిరిగొచ్చి గిద్దలూరులో హార్డ్‌వేరు దుకాణం పెట్టాక, ఆ ఓడకే చిన్న బొమ్మ చేయడం మొదలుపెట్టాడు. మూరకు నాలుగు వేళ్ళు తక్కువ ఉంటుంది. మూడేళ్ళు దానికే ధారపోశాడు.

వాడికీ నాకూ మాటల్లేవు. తప్పు నాదే, ముందే ఒప్పుకుంటున్నాను. అప్పటికి నాలుగేళ్ళ కిందట గిద్దలూరులో మా చుట్టాల పెళ్ళి జరిగింది. పంక్తిలో మగపెళ్ళివారి పెద్దాయన ఒకరు, యుద్ధనౌకలో మీరేం చేసేవారండీ అని వాణ్ణి మర్యాదగా అడిగాడు. వాడు నోరు తెరిచేలోపు పక్కనే ఉన్న నేను అందుకున్నాను. మావాడు కందిపప్పు తూచినాడండీ, నీళ్ళ మీద కూడా కిరాణా కొట్టే పెట్టినాడు అన్నాను. పంక్తి పంక్తంతా నవ్వింది. నేను నవ్వించాననే సంబరంలో ఉన్నాను. చూసేసరికి వాడు విస్తరి ముందు నుంచి లేచిపోయాడు. అప్పటికి వాడి ఆకులో ఉప్పు, ఆవకాయ మాత్రమే వడ్డించారు.

రెండు రోజుల్లో సర్దుకుంటుందిలే అనుకున్నాను. తమాషాకు క్షమాపణ ఏమిటని మొండికేశాను. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. రెండు రోజులు నాలుగేళ్ళయ్యాయి. అమ్మానాన్నలు పోయిన విశాలాక్షికి ఆ తమ్ముడి ఇల్లే పుట్టిల్లు. నన్ను వదిలి తనొక్కతే పోతే నలుగురూ ఏమనుకుంటారని ఆమె పోవడమే మానేసింది. ఫోన్లో మాట్లాడుకునేవాళ్ళు. ప్రతి ఉగాదికీ గిద్దలూరు నుంచి బస్సు పార్సెల్లో చీర వచ్చేది. ఆమె బస్టాండుకు పోయి, సంతకం పెట్టి తెచ్చుకునేది. తమ్ముడి చేతుల మీద తీసుకోవాల్సిన చీరను పార్సెల్ ఆఫీసులో తీసుకుంటున్నదని నాకు తెలుసు.  అయినా పేపరు అడ్డం పెట్టుకుని కూర్చునేవాణ్ణి.

ఆ ఏడు ఉగాదికి చీర పార్సెల్లో రాలేదు. లక్ష్మీనరసయ్య భార్య వసుంధర స్వయంగా తెచ్చింది. చీరతో పాటు, ఒళ్ళో పెట్టుకుని బస్సులో మోసుకొచ్చిన థర్మాకోల్ పెట్టె ఒకటి. అందులో ఓడ. మాఘమాసంలో వాడికి చిన్నగా పక్షవాతం వచ్చి పోయిందని, మాట బాగానే ఉంది కానీ కుడిచెయ్యి వణుకుతున్నదని చెప్పింది. ఆ ఓడలో పనిచేసిన వాళ్ళంతా మే నెలాఖరు ఆదివారం విశాఖపట్నంలో కలుసుకుంటున్నారట. అసలు ఓడను నేవీవాళ్ళు విప్పి పారేసి పదేళ్ళయింది. వాళ్ళకిక మిగిలేది ఈ బొమ్మే, తీసుకొస్తానని వీడు అందరికీ మాటిచ్చి ఉన్నాడు. ఓడంతా అయింది. అంచుల చుట్టూ కమ్మీలు, స్తంభం మీది నుంచి కిందికి దిగే తాళ్ళు మాత్రం మిగిలాయి. అవే అన్నిటికన్నా సన్నపు పని.

వదినా మరదళ్ళిద్దరూ నా వైపు చూశారు. ముందే ఫోన్లో మాట్లాడుకున్నారని ఆ చూపుల్లోనే తెలిసిపోయింది. మార్కాపురంలో నన్ను పలకల పుల్లారావు అనేవాళ్ళకన్నా పెన్నుల పుల్లారావు అనేవాళ్ళే ఎక్కువ. పాతకాలపు ఇంకు పెన్ను ఎంత పాడైనా తెచ్చి నా పలకల, పుస్తకాల దుకాణంలో పడేస్తారు. పాళీ చీలికను వెంట్రుకవాసి సరిచేసి ఇస్తాను. యాభై ఏడేళ్ళొచ్చినా నా చెయ్యి వణకదు. ఇది గొప్ప చెప్పుకోవడం కాదు, ఉన్నమాట. వాడు ఒప్పుకున్నాడా అని మాత్రం అడిగాను. మీ పేరు ఎత్తలేదు, పని తెలిసినవారెవరికైనా ఇయ్యమన్నాడు అంది వసుంధర. మరి ఆ పని తెలిసినవారు ఎవరో వాడికి తెలియకుండా ఉంటుందా. సరే, పెట్టి పొమ్మన్నాను.

కమ్మీలంటే ఏమిటో అప్పుడే చూశాను. పోస్టుకార్డంత ఇత్తడి రేకు, కాగితమంత పలచన. దాన్ని ఆసిడ్‌తో కొరికించి, మన డాబా మీది పిట్టగోడ కమ్మీలను చీమలకు కట్టిచ్చినట్టు తయారుచేశారు. వాటిని ఒక్కొక్కటిగా కోసి, ఒంపులు తిప్పి, ఓడ అంచున నిలబెట్టి అంటించాలి. మెత్తటి అట్ట మీద పెట్టి కోస్తే రేకు వంగిపోతుంది. మూడు ముక్కలు అలా తగలేశాక నా బుర్ర వెలిగింది. దుకాణం నిండా పలకలు పెట్టుకుని అట్ట ఎందుకు. మా ఊరి నల్లరాయి పలక ఒకటి తెచ్చి, దాని మీద పెట్టి బ్లేడుతో నొక్కితే వెన్నలో కోసినట్టు తెగింది. ఒంపు తిప్పడానికి రెండు స్టీలు స్కేళ్ళ మధ్య పెట్టి వంచాను. గమ్మును గుండుసూది మొనతో తీసి చుక్కచుక్కగా పెట్టాను. ఒకసారి నేను తుమ్మితే ఒక ముక్క ఎగిరి ఎక్కడ పడిందో కనిపించలేదు. అది దొరికేదాకా ఆ గదిలో చీపురు పడకూడదని శాసనం చేశాను. తొమ్మిది రోజులు పడలేదు. ఇంటికి వచ్చినవాళ్ళు ఆ దుమ్ము చూసి విశాలాక్షికి ఒంట్లో బాగాలేదనుకున్నారు.

రోజూ సాయంత్రం ఆమె ఓడకు ఫోటో తీసి తమ్ముడికి పంపేది. జవాబు ఆమె ఫోనుకే వచ్చేది. ఆ పని చేసేవారికి చెప్పక్కా, కుడివైపు వెనక నుంచి మూడో కమ్మీ వాలింది అని ఉండేది. నేను భూతద్దం పెట్టి చూస్తే నిజంగానే వాలి ఉండేది. పని చేసేవారట. నాకు ఒళ్ళు మండేది, మళ్ళీ ఊడదీసి నిలబెట్టేవాణ్ణి. అంత దూరం నుంచి, అంత చిన్న ఫోటోలో అంత సన్నపు వంకర పట్టాడంటే వాడి కన్ను ఎలాంటిదో నాకు తెలిసొచ్చింది. ఆ మాట పైకి అనలేదు.

చైత్రం పోయి వైశాఖం వచ్చేసరికి ఓడ చుట్టూ ముందు నుంచి వెనకదాకా కమ్మీ పూర్తయింది. నాకైతే మహా ముచ్చటగా ఉంది. ఆ రోజు వచ్చిన జవాబు ఒకటే ముక్క. మనుషులు ఎక్కడినుంచి ఎక్కాలో అడుగక్కా. చూసుకుంటే నేను ఎక్కడా సందు లేకుండా కట్టేశాను. సందు ఉంటే సరుకు పోతుందనేది దుకాణదారుడి బుద్ధి. రేవులో నిచ్చెన వేసే చోట ఓడ అంచుకు కమ్మీ ఉండకూడదన్న ఆలోచన నాకు రాలేదు. విశాలాక్షి నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. రెండు పక్కలా రెండు సందులు కోశాను.

ఇక మిగిలింది తాళ్ళు. ఓడ నడుమ జల్లెడలాంటి ఇత్తడి స్తంభం నిలబడి ఉంటుంది. దాన్ని లక్ష్మీనరసయ్య రెండు నెలలు కూర్చుని పుల్లపుల్లా అతికి చేశాడట. దాని పైనుంచి కిందికి, వెంట్రుకలో సగం లావుండే నల్లదారాలు పన్నెండు దించి కట్టాలి. ఒక కొస స్తంభానికి అంటించి, రెండో కొస లాగి పట్టుకుని, గమ్ము ఆరేదాకా కదలకుండా ఉండాలి. వదులైతే దారం వేలాడుతుంది, బిగిస్తే స్తంభం వంగుతుంది. రెండు చేతులతో కాదు. విశాలాక్షిని పట్టుకోమన్నాను. ఆమె గాజులు తగిలి రెండు కమ్మీలు ఊడాయి. నీకు ఓ దండం, వంటింట్లోకి పో అన్నాను.

ఆ సమయానికే కాశన్న వచ్చాడు. దోర్నాల అవతల నల్లమలలో ఒక గూడెం వాళ్ళది. ప్రతి వేసవిలోనూ తేనె తెచ్చి మా ఇంట్లో పోసి పోతాడు. అరవై దాటినా మనిషి చువ్వలా ఉంటాడు. విశాలాక్షి తేనెను జాడీలోకి వంపుకుంటుంటే, అతను గడప దగ్గర కూర్చుని నా పని చూస్తున్నాడు. అంత బొమ్మకు అన్ని దారాలు ఎందుకని అడిగాడు. చెప్పాను. తాడు ఎవురు పట్టుకుంటారు సావుకారీ అన్నాడు. మనిషితో పనిలేదు, దారం కొసకు పెన్ను క్లిప్పులు కట్టి వేలాడదీస్తాను, బరువుకు అదే బిగుసుకుంటుంది అని నా తెలివి చూపించాను. కాశన్న తల అడ్డంగా ఊపాడు.

"మేము తేనెకు కొండ అంచు మింద నుంచి తాడు పట్టి దిగుతాం. పైన తాడు పట్టేది బామ్మర్దే. అన్నదమ్ముల్ని పట్టనియ్యం."

"ఏం, అన్నదమ్ములకు బలం చాలదా?"

"బలం మాట కాదు. దిగినోడు పోతే బామ్మర్దికి తోడబుట్టిందాని తాళి పోతాది. అందుకని వాడు సచ్చినా తాడు ఇడవడు. ఇద్దరికీ ఏడాదంతా మాటల్లేకపోయినా సరే, తేనె కాలానికి వాడే వచ్చి పట్టాల. బరువుకు బిగియ్యడం తెలుసు గానీ సావుకారీ, యాడ వదలాల్నో దానికి తెల్వదు."

తేనె వంపుతున్న విశాలాక్షి చెయ్యి ఆగింది. ఆమె కాశన్నకు మజ్జిగ ఇచ్చి, తాగాక అడక్కుండానే మళ్ళీ ఇచ్చింది. నేను ఏమీ విననట్టే దారం మీద కన్నేసి కూర్చున్నాను.

మర్నాడు పొద్దున నా తెలివి ప్రకారమే నాలుగు దారాలు అంటించి, నాలుగింటికీ క్లిప్పులు వేలాడదీశాను. నాలుగూ ఒకే పక్క. సర్రున లాగిపట్టి చూడ్డానికి దివ్యంగా ఉన్నాయి. అన్నం తిని ఒక కునుకు తీసి వచ్చేసరికి స్తంభం మొదట్లో అతుకు ఊడి, ఓడ మీద పక్కకు పడి ఉంది. పడుతూ పడుతూ అయిదు కమ్మీలను నలగ్గొట్టింది. విశాఖపట్నం సభకు ఇంకా తొమ్మిది రోజులుంది.

నాకు ఏడుపొచ్చింది. మా నాయన పోయినప్పుడు కూడా నలుగురిలో ఏడవనివాణ్ణి, ఆ ఇత్తడిపుల్ల చేతిలో పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. ఒక నోటిమాటతో నాలుగేళ్ళు పాడుచేసింది చాలక, వాడి మూడేళ్ళ కష్టాన్ని నా చేతులతోనే విరిచాను. చేతులు కాలాయి, ఇక ఆకులు వెతుక్కోవాల్సిందే. విశాలాక్షి వచ్చి చూసింది. ఫోటో పంపేదా అంది. వద్దు, గిద్దలూరు పోదాం పద అన్నాను. ఆమె లోపలికి పోయి, నేను చొక్కా తొడుక్కునేలోపు చీర మార్చుకుని, సంచి సర్దుకుని గుమ్మంలో నిలబడింది. ఆడవాళ్ళు అంత తొందరగా తయారవడం నా జన్మలో అదొక్కసారే చూశాను.

బస్సులో ఓడ పెట్టె నా ఒళ్ళో ఉంది, స్తంభాన్ని జామెట్రీ బాక్సులో పెట్టి జేబులో వేసుకున్నాను. కంభం దాకా వాడితో ఏం మాట్లాడాలో లోలోపల వల్లెవేసుకుంటూనే ఉన్నాను. కంభం దాటాక అన్నీ మరిచిపోయాను.

లక్ష్మీనరసయ్య వరండాలో కుర్చీలో ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. రండి, కూర్చోండి అన్నాడు. నా పెళ్ళినాటికి వాడికి పన్నెండేళ్ళు. ఆ రోజు నుంచీ నన్ను నువ్వు అనే అన్నాడు. నా సైకిలు అడక్కుండా తీసుకుపోయేవాడు, నా కంచంలోంచి అప్పడం తీసుకునేవాడు. ఆ నోటితో ఇప్పుడు దుకాణానికి వచ్చిన బేరాన్ని పిలిచినట్టు రండి, కూర్చోండి అంటుంటే, తిట్టినా ఇంత బాధ ఉండేది కాదనిపించింది.

జామెట్రీ బాక్సు తెరిచి స్తంభం వాడి ముందు పెట్టాను. స్తంభం నేనే విరగ్గొట్టినాను నరసయ్యా, బరువులు కట్టినాను అన్నాను. వాడు ఎడమచేత్తో తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. అతుకు పోయింది అంతే, మీరు కూర్చుంటే మళ్ళీ అతకొచ్చు అన్నాడు. వాడు చెప్పాడు, నేను చేశాను. ఎక్కడ వేడి తగలాలో, ఎక్కడ తగలకూడదో వేలితో చూపించేవాడు. మీరు అక్కడ ఆపండి, మీరు ఇక్కడ పెట్టండి. మాటకు ముందొక మీరు, వెనకొక అండి. సాయంత్రానికి స్తంభం మళ్ళీ నిలబడింది. నలిగిన కమ్మీల చోట కొత్తవి కోసి అంటించాను.

తరువాత దారం తీశాను. ఒక కొస పైన అంటించి, రెండో కొస పట్టుకుని ఆగాను.

"దారం పట్టను మనిషి కావాల" అన్నాను.

వాడు తన కుడిచేతి వైపు చూసుకున్నాడు. "నా చెయ్యి ఒణుకుతాది."

"ఎడమ చెయ్యి ఒణకదు గదా."

వాడు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. ఎడమచేతి రెండు వేళ్ళతో దారం కొస పట్టుకున్నాడు. నేను గుండుసూదితో గమ్ము చుక్క పెట్టి, దారాన్ని పట్టకారుతో అదిమి పట్టాను. అరవై లెక్కపెట్టేదాకా ఇద్దరిలో ఎవరూ లేచిపోవడానికి లేదు. వాడి మొహం నా మొహానికి జానెడు దూరంలో ఉంది. నాకు అంతకన్నా మంచి సమయం దొరకదు.

"ఆ పొద్దు పెండ్లిలో నేనన్న మాట తప్పు" అన్నాను. "నిన్ను ఆకు ముందు నుంచి లేపినాను. నాలుగేండ్ల నుంచి నాకు అన్నం సయించలేదు."

వాడు దారం మీది నుంచి కన్ను తిప్పలేదు. "కందిపప్పు తూచిన మాట నిజమే" అన్నాడు నిదానంగా. "ఆ ఓడలో ఫిరంగి కాడ నిలబడినోళ్ళు, నేనుండిన తొమ్మిదేండ్లలో శత్రువు మింద ఒక్క గుండు ఏసింది లేదు. నేను పప్పు తూచని రోజు మాత్రం లేదు. ఒకసారి తుపానులో అయిదు రోజులు పొయ్యి మింద గిన్నె నిలబడలేదు. నడుముకు తాడు కట్టుకుని వండించినాను. మూడొందల మందిలో ఒక్కడూ పస్తు పండుకోలేదు. అది చెప్పాలనే నోరు తెరిచినా ఆ పొద్దు. ఆ పెద్దాయన అడిగినాడు గదా."

 ఆ జవాబు ఆ పంక్తిలో అందరూ వినాల్సింది. నేను నోరు పారేసుకుని, ఎవరికీ వినపడకుండా చేశాను. ఏదో అనబోయి వాడి వైపు వంగాను.

"కదలొద్దు బావా" అన్నాడు వాడు. "నువ్వు కదిలితే తెగుతాది."

నేను కదల్లేదు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ విశాలాక్షి గిరుక్కున వెనక్కి తిరిగి లోపలికి పోయింది. లోపల గిన్నెలు అవసరానికి మించి చప్పుడు చేశాయి. అరవై ఎప్పుడో అయిపోయింది. లెక్క నేనూ మరిచిపోయాను, వాడూ మరిచిపోయాడు.

పన్నెండు దారాలకూ మూడు రోజులు పట్టింది. వాడు బిగువు చూసి చాలు బావా అనేవాడు, నేను గమ్ము పెట్టేవాణ్ణి. ఒక్కటీ వేలాడలేదు, స్తంభం వెంట్రుకవాసి కూడా వంగలేదు. సభకు నువ్వు కూడా రావాల్సిందేనని పట్టుబట్టాడు. ఇద్దరం రైల్లో ఓడను ఒకరి ఒళ్ళోంచి ఒకరి ఒళ్ళోకి మార్చుకుంటూ విశాఖపట్నం చేరాం. అక్కడ తలలు నెరిసిన పెద్దమనుషులు ఓడ చుట్టూ చేరి, వేలు తగలనీయకుండా, నేను నిలబడిన చోటు ఇదీ, నేను పడుకున్న చోటు ఇదీ అని చూపించుకున్నారు. నన్ను ఎవరూ పట్టించుకోలేదు, నాకూ అక్కర్లేకపోయింది. వాళ్ళందరూ మా బామ్మర్దిని స్టోర్సూ, స్టోర్సూ అని పిలుస్తూ కావలించుకుంటున్నారు. మధ్యాహ్నం భోజనాల దగ్గర వాడు కూర్చునేదాకా ఒక్కరూ ముద్ద ఎత్తలేదు. నేను వాడి పక్కనే కూర్చున్నాను, నోరు మూసుకుని తిన్నాను.

తిరుగు ప్రయాణంలో నేను మార్కాపురంలో దిగిపోయాను, వాడు గిద్దలూరు పోయాడు. విశాలాక్షి మేం బయలుదేరిన నాటి నుంచి వసుంధర దగ్గరే ఉంది. రెండు రోజుల్లో వస్తానంది. బళ్ళు తెరిచే రోజులు, పలకలకూ పుస్తకాలకూ గిరాకీ మొదలైంది. పొద్దున దుకాణం, మధ్యాహ్నం మెస్సులో మంటపుట్టే సాంబారు, రాత్రి అరటిపండు. రెండు రోజులు నాలుగయ్యాయి, ఎనిమిదయ్యాయి. ఎనిమిదో రోజు ఉండబట్టలేక ఫోన్ చేశాను. పాలవాడు రావడం లేదని, ఉతికిన చొక్కా లేదని, సాంబారుతో కడుపు చెడిందని ఏకరువు పెట్టాను. ఆమె మధ్యలో అడ్డు రాకుండా అంతా విన్నది. వెనక నుంచి వసుంధర నవ్వు వినిపిస్తున్నది. ఇంతకీ ఎప్పుడొస్తావని అడిగాను.

"నేను పుట్టింట్లో ఉండా" అంది విశాలాక్షి. "మా తమ్ముడు పంపించినప్పుడు వస్తా."